సందు సొమ్ము

మా నాన్నని ఊరంతా రేపు మేస్త్రి అనేది. పాత సోఫాలూ కుర్చీలూ విప్పి, కొత్త పీచు కూరి, కొత్త గుడ్డ కుట్టడం ఆయన పని. ఆ పనిలో వంక పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. ఇచ్చే తేదీలో మాత్రం వంకలు తప్ప ఇంకేమీ ఉండేవి కాదు. ఎవరొచ్చి "అయిందా మేస్త్రీ?" అని అడిగినా, నోట్లో పట్టుకున్న చిన్న మేకుల మధ్యనుంచే "రేపు" అనేవాడు. ఆ రేపు ఎప్పుడొస్తుందో నాన్నకీ తెలీదు, కుర్చీకీ తెలీదు. ఒకాయన తన పెళ్లికని ఇచ్చిన సోఫా మీద మొట్టమొదట కూర్చున్నది ఆయన రెండో కొడుకు.

మా అన్నయ్య మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడేది. అందుకని వాడి పేరే టేపు అయింది. ఇంట్లో ఒక రేపు, ఒక టేపు. నా నోటి పదును చూసి నాకు కత్తెర అని పేరు పడింది. మా తమ్ముడు ఒకచోట కుదురుగా కూర్చున్న దాఖలా లేదు గనక వాడు స్ప్రింగు. అమ్మ కుట్టుమిషను మీద దిండు గలీబులు కుట్టేది. ఆవిడకి పేరు పెట్టే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక పాత కర్టెను. సెలవులొస్తే మేం ముగ్గురం కర్టెనుకి కొట్టు వైపే ఉండేవాళ్లం. వచ్చిన కుర్చీని విప్పడం మా వంతు. మేకులు పీకాలి, పాత గుడ్డ ఒలవాలి, పీచు దులిపి ఎండలో పోయాలి, స్ప్రింగులు తుడిచి వరసగా పెట్టాలి. దీనికి జీతం లేదు. జీతానికి బదులు ఒక చట్టం ఉంది. సీటుకీ చేతికీ మధ్య సందులో ఏం దొరికినా అది విప్పినవాళ్లది. దానికి సందు సొమ్ము అని పేరు. చిల్లర నాణేలు, జడపిన్నులు, పెన్ను మూతలు, ఒకసారి సగం కొరికిన బిస్కెట్టు. మిగతా సగం మా స్ప్రింగు కొరికాడు.

ఆ చట్టానికి ఒక్కటే సవరణ జరిగింది. ఒక తాతగారి సోఫాలో పళ్ల సెట్టు దొరికింది. స్ప్రింగు దాన్ని పెట్టుకొని వీధి ఈ చివరనుంచి ఆ చివరదాకా నవ్వి వచ్చాడు. ఆ తాతగారు పెదాలు లోపలికి లాక్కుపోయిన మొహంతో వచ్చి అడిగితే మేం ముగ్గురం చట్టం మాట్లాడాం. నాన్న ఆ పళ్లు లాక్కొని, కడిగి, ఆయన చేతిలో పెట్టి తీర్పు చెప్పాడు.

"పడ్డది మీది. పెట్టుకున్నది వాళ్లది. ఆయన కునుకు తీసేముందు తీసి అక్కడ పెట్టుకున్నారు. కాబట్టి ఇది సందు సొమ్ము కాదు, నోటి సొమ్ము."

నోటి సొమ్ము అన్న మాటకి మేం పొట్ట పట్టుకొని నవ్వాం. తర్వాత ఆ తీర్పే మా పొట్ట మీదికి వస్తుందని అప్పుడెవరికి తెలుసు?

ఆ ఏడు వేసవి వచ్చింది గానీ కుర్చీలు రాలేదు. మెయిన్ రోడ్డు మీద అద్దాల షాపు ఒకటి తెరిచారు. అందులో సోఫాలు అట్టపెట్టెల్లో వస్తాయి, విరిగితే మళ్లీ అట్టపెట్టెల్లోనే పోతాయి. బాగు చేయించుకునే ఓపిక ఊరికి పోయింది. నాన్న మేకుల డబ్బా మూతకి తుప్పు పట్టింది. పని లేకపోవడం ఒక బాధ, "రేపు" అందామన్నా అడిగేవాడు లేకపోవడం ఇంకో బాధ. రేపు లేకపోతే రేపు మేస్త్రి ఏమైపోవాలి?

అప్పుడు మా మేనమామ వచ్చాడు, ఉద్యోగం కబురు పట్టుకొని. రైలెక్కి తెల్లారిందగ్గర్నుంచి పొద్దుగూకేదాకా పోతే వచ్చే ఊళ్లో సోఫాల ఫ్యాక్టరీ. నెల నెలా జీతం, నలుగురుండే గదిలో ఒక మంచం. ఇంటికి రావడం ఏడాదికి ఒకసారి.

"పనేం కష్టం కాదు బావా," అన్నాడు మామయ్య. "సోఫా కదిలే బెల్టు మీద నీ దగ్గరికే వస్తుంది. నువ్వు ఎడమ చేయి కుట్టి పంపించెయ్యడమే."

"కుడి చేయో?"

"దానికి వేరేవాడున్నాడు."

"వీపు?"

"వీపు గొడవ నీకెందుకు బావా? ఎడమ చేయి కుట్టు, జీతం కుడి చేత్తో తీసుకో."

చేయి తిరిగిన మనిషి మా నాన్న. ఆ మనిషి పొద్దస్తమానం ఒక్క చేతి చుట్టే తిరగాలట. అయినా సరేనన్నాడు. బడులు తెరిచేనాటికి అక్కడుండాలి. అమ్మ అటకమీంచి ప్రయాణం బ్యాగు దింపింది. దాని జిప్పు ఎప్పుడో పాడైంది.

"ఏవండీ, ఈ జిప్పు సంగతి చూడండి."

"రేపు," అన్నాడు నాన్న.

బ్యాగు గోడమీద మేకుకి తగిలించారు. అది నోరు తెరుచుకొని మా అందరినీ చూస్తూ ఉండేది. అన్నయ్య అట్లాసు తెరిచి, టేపు పెట్టి కొలిచాడు. "బెత్తెడు కూడా లేదే," అన్నాడు ధైర్యం చెబుతున్నట్టు.

"అట్లాసులో నాన్న కూడా లేడు," అన్నాను.

వాడు టేపు చుట్టేసుకున్నాడు.

ఆ రోజుల్లోనే పెద్ద టీచరమ్మ దగ్గర్నుంచి కుర్చీ వచ్చింది. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. ఊళ్లో సగంమందికి కూడికలు చెప్పింది, వాళ్లలో సగంమందికి చెవులు మెలేసి చెప్పింది. ఆ చెవుల్లో మా నాన్నవి కూడా ఉన్నాయి. ఆవిడ భర్త పోయిన చలికాలంలో పోయారు. ఆయన రోజంతా కూర్చునే పెద్ద చేతుల కుర్చీని తోపుడుబండి మీద పంపిస్తూ ఆవిడ ఒక కబురు కూడా పంపింది: పేగులతో సహా మార్చాలి, ఆయన కూర్చున్న గుంట కనపడకూడదు.

నాన్న గుడ్డ తేవడానికి బజారుకి వెళ్లాడు. మేం పనిలోకి దిగాం. సందులో ఒక నాణెం, ఒక కళ్లజోడు కాడ, మొండి పెన్సిలు దొరికాయి. అవి స్ప్రింగు జేబులోకి పోయాయి. పీచంతా తీశాక అన్నయ్య ఆగాడు.

"మధ్య స్ప్రింగు దగ్గర మందం ఎక్కువుంది. కొలత తేడా."

చూస్తే, ఆ ఇనప స్ప్రింగు చుట్టల్లోకి ఒక గోనెగుడ్డ పొట్లం దూర్చి ఉంది. అంచులు కుట్టి ఉన్నాయి. ఆ కుట్టు నాన్నది కాదు, ఏ మేస్త్రిదీ కాదు. ఒక అడుగు పెద్దది, ఒక అడుగు చిన్నది, మధ్యలో దారి తప్పి మళ్లీ దారిలోకొచ్చిన కుట్టు. కత్తెరని నేనే గనక నేనే కత్తిరించాను.

నోట్లు. గట్టిగా చుట్టచుట్టి, ఏళ్లతరబడి స్ప్రింగు ఒళ్లో పడుకొని, స్ప్రింగులాగే మెలికలు తిరిగిపోయిన నోట్లు.

"ఏనుగుని కొందాం!" అని అరిచాడు మా స్ప్రింగు.

"నోర్ముయ్! ఏనుగుని ఎక్కడ కట్టేస్తావ్?" అన్నాను.

"నాకు ఉక్కు టేపు," అన్నాడు అన్నయ్య. "చక్రం తిప్పితే లోపలికి పోతుంది చూడు, అది."

నాకు ఎర్ర బూట్లు కావాలి. ఆ మాట అనబోతూ తలెత్తాను. ఎదురుగా గోడమీద బ్యాగు, నోరు తెరుచుకొని. వాళ్లిద్దరూ కూడా అటే చూశారు.

"ఇవుంటే నాన్న వెళ్లక్కర్లేదు కదా?" అన్నాడు స్ప్రింగు. ఏనుగు వెళ్లిపోయింది. బూట్లూ వెళ్లిపోయాయి.

ఒక్కటే చిక్కు. నోట్లు నాన్న చేతిలో పెడితే పళ్ల సెట్టులాగే కడిగి టీచరమ్మకి ఇచ్చేస్తాడు. నాన్నకి డబ్బు ఇవ్వకూడదు, పని ఇవ్వాలి. పని చేస్తే కూలి వస్తుంది, కూలి ఎవరూ వెనక్కి ఇవ్వరు. ఈ ఆలోచన నాదే. కుట్టుకీ కుట్రకీ వత్తులోనే కదా తేడా. కుట్టు ఇంట్లో పుట్టినవాళ్లం, ఆ మాత్రం వత్తు మార్చలేమా?

పక్క కొట్టు సెలూన్ బాబాయ్‌ది. ఆయన సెలూన్లో జుట్టు ఎంత పడుతుందో కబుర్లు అంతకు పదింతలు పడతాయి. ఆయన కుర్చీ సీటు చిరిగి, కూర్చున్నవాళ్ల ప్యాంట్లు పట్టుకొని వదిలేది కాదు.

"బాబాయ్, మీ కుర్చీ మా నాన్నకి ఇవ్వాలి. డబ్బులు మావి," అన్నాను.

"మీవా? మీకెక్కడివే?"

"సందు సొమ్ము."

ఆయన దువ్వెన గాల్లో ఆగింది. "ఎంత పెద్ద సందే అది?"

"అడగకూడదు. చెప్పకూడదు. మీకు ఊరికే కొత్త కుర్చీ వస్తుంది."

"ఊరికే" అన్న మాట ఆయన్ని బాగా మెత్తబరిచింది. "సరేలే, మీ నాన్న కోసమే ఒప్పుకుంటున్నా. నా నోట్లోంచి మాట బయటికి రాదు," అని, ఆ మాట చెప్పడానికే చాలాసేపు మాట్లాడాడు.

మర్నాడు కుర్చీ తెచ్చాడు. నాన్న దాన్ని చుట్టూ తిరిగి చూశాడు, పాత నేస్తం కనపడ్డట్టు వీపు మీద తట్టాడు.

"ఎప్పుడిస్తావు మేస్త్రీ?"

"రేపు."

బాబాయ్ అలవాటుకొద్దీ నవ్వేసి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున చూద్దుము కదా, కుర్చీ తయారు! సీటు నిగనిగ, చేతులు మెత్తమెత్త, వీపు నిటారు. రేపు అన్నాడు, రేపొచ్చేసింది. అమ్మ కంగారుగా వచ్చి నాన్న నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం, రాయిలా ఉన్నా."

బాబాయ్ మేమిచ్చిన నోట్లు తీసి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న బల్లమీద పెట్టి సాపు చేశాడు. చెయ్యి తీశాడో లేదో, అవి మళ్లీ గిర్రున చుట్టుకున్నాయి.

"ఏంటోయ్ ఈ నోట్లు ఇలా ముడుచుకుపోతున్నాయి?"

"సిగ్గు మేస్త్రీ," అన్నాడు బాబాయ్. "చేతులు మారడం కొత్త."

నాన్న నవ్వి, వాటిని మేకుల డబ్బాలో వేశాడు.

ఆ తర్వాత సెలూన్లో వెయిటింగు బెంచీ వచ్చింది. తర్వాత బాబాయ్ ఇంట్లో కుర్చీలు. తర్వాత ఆయన అత్తగారి ముక్కాలిపీట, దానికి కూడా నాన్న పీచు పెట్టి, గుడ్డ కుట్టి, చుట్టూ అంచుపట్టీ వేశాడు. అన్నీ చెప్పిన రోజుకే. కొట్లో సుత్తి చప్పుడు మళ్లీ మొదలైంది. నాన్న నోట్లో మేకులు పెట్టుకొని ఈల వేయడానికి ప్రయత్నించేవాడు, అది మాకెప్పుడూ సంగీతంలాగే వినిపించేది. జిప్పు మాట అమ్మ రోజూ ఎత్తేది. నాన్న రోజూ "రేపు" అనేవాడు. ఆ రేపూ, పెద్ద టీచరమ్మ కుర్చీ రేపూ మాత్రం పాత రేపులే.

ఒకరోజు బాబాయ్ మమ్మల్ని సెలూన్ వెనక్కి పిలిచాడు. మొహం వేలాడేసుకున్నాడు.

"మీ నాన్న పనితనం నా కొంప ముంచిందే కత్తెరా. మా అత్తగారు రెండ్రోజులుండి పోదామని వచ్చింది. ఆ పీట మెత్తగా అయినప్పట్నుంచీ లేవడం లేదు. ఊరెళ్లే మాటే లేదు."

"ఇంకేం మిగిలాయి బాబాయ్ మీ ఇంట్లో?"

"కూర్చునేవన్నీ అయిపోయాయి. ఇక నిలబడేవే."

"స్కూటరుందిగా!" అన్నాడు స్ప్రింగు.

"అది కొత్తదిరా! సీటు మీద ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు!"

"తీసెయ్యండి," అన్నాను.

అదే మా కొంప ముంచింది.

నాన్న ఆ సీటు విప్పాడు. తిప్పి చూశాడు, నొక్కి చూశాడు, వాసన చూశాడు. దాంట్లో ఏ లోపమూ లేదు. అంత లోపం లేని సీటు నాన్న కొట్లోకి ఎప్పుడూ రాలేదు. ఏమీ అనకుండా మళ్లీ కుట్టేసి పక్కన పెట్టాడు. మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాక, మేకుల డబ్బా తెచ్చి మా మధ్యన బోర్లించాడు. మేకులకంటే ముందు నోట్లు దొర్లాయి. దొర్లి, వేటికవి చుట్టుకొని, ఊగుతూ నిలబడ్డాయి. ఒక్కటీ ఖర్చు కాలేదు. ఇన్నాళ్లూ ఇల్లు అమ్మ గలీబుల మీదే నడిచిందన్నమాట.

"సెలూన్లో జుట్టు రింగులు తిరగడం చూశా," అన్నాడు నాన్న. "నోట్లు తిరగడం చూళ్లేదు."

వెనకనుంచి ఒక ఇనప స్ప్రింగు తీసి, ఒక నోటుని దాని చుట్టలో పెట్టాడు. అచ్చంగా సరిపోయింది.

"పెద్ద టీచరమ్మ కుర్చీ. మధ్య స్ప్రింగు."

ముగ్గురం బొమ్మల్లా కూర్చున్నాం. కానీ ఒక వస్తువు ఇంకో వస్తువులో పడితే మా అన్నయ్యకి చేతులాగవు. టేపు తీసి కొలిచేశాడు. "వెంట్రుకవాసి తేడా లేదు నాన్నా," అన్నాడు మెచ్చుకోలుగా. నేను వాడి తొడ మీద గిల్లేసరికి ఆలస్యమైపోయింది.

"చట్టం ఉంది నాన్నా!" అన్నాను. "సందులో దొరికింది..."

"దేంట్లో చుట్టి దొరికింది?"

స్ప్రింగు నిక్కరు జేబులోంచి గోనెగుడ్డ తీసి ఇచ్చాడు. దాన్ని జేబురుమాలుగా వాడుతున్నాడు వాడు. నాన్న దాన్ని పరిచి, ఆ వంకరటింకర కుట్టు మీద వేలితో మెల్లగా రాశాడు.

"పడ్డదా? పెట్టుకున్నదా?"

కత్తెర అని పేరున్న నేను కంచంలో మెతుకులు లెక్కపెట్టాను.

"ఎందుకర్రా?" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

"నువ్వు ఎడమ చేయి కుట్టడానికి వెళ్లకూడదని," అన్నాడు స్ప్రింగు.

నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అమ్మ లేచి కుట్టుమిషను దగ్గరికి వెళ్లి, గుడ్డ పెట్టకుండానే తొక్కడం మొదలుపెట్టింది.

నాకింకా ఒక ఆశ ఉంది. ఇచ్చేద్దాం అంటాడు, నిజమే. కానీ ఎప్పుడు అని అడిగితే రేపు అంటాడు. నాన్న రేపంటే మాటలా? వేసవి దాటిపోతుంది, ఫ్యాక్టరీ దాటిపోతుంది.

నాన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"మిగతావి కూడా తీసుకురండి. చెప్పులేసుకోండి," అన్నాడు. "ఇవాళే."

ఆ మాట ఆయన నోట మేం ఎప్పుడూ వినలేదు. ఎలా పలుకుతారో కూడా తెలీదనుకునేవాళ్లం. మిషను చప్పుడు ఆగిపోయింది. మేం పీచు బస్తాలో దాచిన పొట్లం తీసుకొని, ఎండలో ఒకరి వెనక ఒకరం నడిచాం.

పెద్ద టీచరమ్మ తలుపు తీసింది. నాన్న తనకు తెలీకుండానే చేతులు కట్టుకున్నాడు.

"ఏరా, కుర్చీ ఏది?"

"రేపు టీచర్."

"ఆరో తరగతిలోనూ ఇదే జవాబు. లోపలికి రా."

ఇంట్లో గాలి కదలడం లేదు. ఒక చేత్తో అట్టముక్క ఊపుకుంటూ ఆవిడ కూర్చుంది. నాన్న పొట్లం బల్లమీద పెట్టి, ఎక్కడ దొరికిందో చెప్పాడు. మేం చేసిన ఘనకార్యం కూడా చెప్పాడు, ఒక్క ముక్క తగ్గించకుండా. నోట్లు వాటి మానాన అవి చుట్టుకుంటూ ఉన్నాయి. ఆవిడ వాటివైపు చూడలేదు. గోనెగుడ్డ తీసి కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

"ఇది ఆయన కుట్టే," అంది. "ఒకసారి వేలికి సూది గుచ్చుకుందని వారంపాటు చొక్కా గుండీలు నాతోనే పెట్టించుకున్నాడు. ఈ మనిషికి సూదితో పనేం వచ్చిందా అనుకున్నా."

అంతలో ఆవిడ గొంతు మారిపోయింది. తరగతిలో వెనక బెంచీ దాకా వినపడే గొంతు.

"ఫ్యాను కొందామండీ అని ఎన్ని వేసవులు మొత్తుకున్నానో తెలుసురా నీకు? 'ఎక్కడుందే డబ్బు? నేను కూర్చున్న చోట ఉందా?' అనేవాడు. ప్రతిసారీ అదే మాట! ఆ కుర్చీలోనే కూర్చొని! దాంట్లోనే కూర్చిపెట్టుకొని!" అట్టముక్క విసిరేసింది. "అబద్ధం ఆడలేదర్రా. ప్రశ్న అడిగాడు. నేనే జవాబు వెతకలేదు. లెక్కల టీచర్ని!"

అక్కడ నోరు మూసుకోవాలని ఎవరికైనా తెలుస్తుంది. నాకు తెలీలేదు.

"పిసినారి కాదు టీచర్, పీచులో దాచుకున్నారుగా, పీచునారి," అనేశాను.

నాన్న కళ్లు మూసుకున్నాడు. అన్నయ్య టేపు చేతికి చుట్టుకున్నాడు. టీచరమ్మ నావైపు చూసింది. చూస్తూ చూస్తూ ఆవిడ భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ గోనెగుడ్డతోనే కళ్లు తుడుచుకుంది. తుడుచుకోవడం మాత్రం నవ్వు ఆగాక కూడా ఆగలేదు.

"పీచునారి," అంది చివరికి. "బతికుండగా చెప్పాల్సింది ఈ మాట."

తర్వాత మాకు శిక్ష పడింది. సెలవులయ్యేదాకా రోజూ వచ్చి ఎక్కాలు అప్పజెప్పాలి, అదీ పదమూడు దగ్గర్నుంచి. స్ప్రింగు జేబులోని నాణెం, కళ్లజోడు కాడ, మొండి పెన్సిలు కూడా విచారించి, "ఇవి పడ్డవి. నీవే," అని వదిలేసింది. అయితే కళ్లజోడు కాడ దగ్గర వాడే ఆగాడు. "ఇది మీరుంచుకోండి," అని ఆవిడ చేతిలో పెట్టాడు. చట్టంలో లేని పని అది.

"ఇక నువ్వురా," అని నాన్నవైపు తిరిగింది. "ఆ సోఫా, ఆ మంచం పరుపు, దిండ్లు, ఆ రెండు కుర్చీలు, అన్నీ బండెక్కించు. అన్నీ విప్పు. ఈ ఇంట్లో ఆ మనిషి ఎక్కడెక్కడ కూర్చున్నాడో నాకు తెలుసు. విప్పాక అన్నీ కొత్తగా కుట్టు. కూలి పూర్తిగా తీసుకో, టీచరు కదా అని తగ్గించావా, చెవి మెలేస్తా. అన్నిటికంటే ముందు బజారుకెళ్లి ఒక ఫ్యాను పట్రా."

"రే..." అన్నాడు నాన్న.

"ఏంటీ?"

"ఇప్పుడే టీచర్."

టీచరమ్మ సామానంతా విప్పినా ఇంకో మొండి పెన్సిలు తప్ప ఏమీ దొరకలేదు. కానీ ఈలోగా సెలూన్ బాబాయ్ నోట్లోంచి మాట బయటికి వచ్చింది. నిజం చెప్పాలంటే రాలేదు, దూకింది. ఎవరి గడ్డం గీస్తే వాళ్ల చెవిలో వేశాడు. నాలుగు రోజులయ్యేసరికి మా కొట్టు ముందు కుర్చీలు వరసకట్టాయి.

"మా తాత కుర్చీ మేస్త్రీ. ఏం లేదు, గుడ్డ కాస్త మాసింది. నా ఎదురుగానే విప్పుతావా?"

"మా మామగారి సోఫా. ఆయన కాస్త గుట్టు మనిషి. అంటే, గుడ్డ మార్చాలనే."

పళ్ల సెట్టు తాతగారు కూడా వచ్చారు. "నాది మళ్లీ విప్పు నాయనా. ఇంకేమైనా పెట్టి మర్చిపోయానేమో," అన్నారు.

విప్పుతున్నంతసేపూ ఎవరి కుర్చీ ముందు వాళ్లు మెడలు చాచుకొని నిలబడేవారు. ఏ కుర్చీలోనూ ఒక్క నోటూ దొరకలేదు. దొరక్కపోతేనేం, పేగులు బయటపడ్డ కుర్చీని ఇంటికెలా తీసుకెళ్తారు? కుట్టించుకోక తప్పదు కదా. పాపం మా సందు సొమ్మే పోయింది. ఎదురుగా నిలబడి జడపిన్ను కూడా లెక్కపెట్టుకొని పట్టుకెళ్లేవారు. బాబాయ్ ఊరికే కుట్టించుకున్న వాటన్నిటికీ నాన్న ఒక తీర్పు చెప్పాడు: ఏడాదిపాటు మా ఇంటి మగవాళ్ల తలలు ఆయన పూచీ. బాబాయ్ కసి కొద్దీ ఎంత పొట్టిగా కత్తిరించాడంటే, ఆ ఏడాదంతా మా స్ప్రింగు తల గుండుసూది తలకి అన్నలా ఉండేది.

బడులు తెరవడానికి ముందు రోజు మామయ్య వచ్చాడు, రైలు టిక్కెట్టు జేబులో పెట్టుకొని. కొట్లోకి రావడానికి ఆయనకి దారి దొరకలేదు. రెండు సోఫాలు ఎక్కి, ఒక కుర్చీ దిగి, కర్టెను దగ్గరికి చేరాడు.

"బావా, సర్దుకున్నావా? పొద్దున్నే రైలు!"

నాన్న నోటినిండా మేకులు. సుత్తి ఆపకుండా, గడ్డంతో గోడవైపు చూపించాడు. బ్యాగు మేకుకి అలాగే వేలాడుతోంది, నోరు తెరుచుకొని. మామయ్య దగ్గరికెళ్లి తడిమి చూశాడు.

"అక్కా, ఇదేంటి? దీనికి పాడైందో బాగున్నదో జిప్పనేది ఉండేదిగా? అసలు జిప్పే లేదే?"

అమ్మ మిషను తొక్కుతూనే ఉంది. ఒళ్లో పెద్ద టీచరమ్మ దిండు గలీబు.

"పళ్లు బాగానే ఉన్నాయిరా. రన్నరు మార్చి దీనికి కుట్టేశా."

"మరి బ్యాగుకో? దానికి జిప్పు ఎప్పుడు?"

సుత్తి ఆగింది. మేం ముగ్గురం కూడా చేతుల్లో పీచు చేతుల్లోనే ఉంచుకొని అమ్మవైపు చూశాం. అమ్మ గలీబుని తిరగేసి, జిప్పు ఒకసారి మూసి, ఒకసారి తెరిచి చూసుకుంది.

"రేపు," అంది, తలెత్తకుండానే.